విల్‌బీ చూసుకుంటాడు

బర్కా,
జనవరి 5, 2025, ఆదివారం

అక్కా,

బాగున్నావా అని అడగను. బాగలేకపోయినా బాగున్నాననే రాస్తావు. నేను మాత్రం బాగలేను. ముందే చెప్పేస్తే నీకు చదవడం సులువు.

ఈ ఉత్తరం తెచ్చే జిలాని అన్న మనవైపు మనిషే, రాయచోటి. బర్కా తోటల నుంచి కూరగాయలు వ్యాన్‌లో వేసుకొచ్చి అజైబాలో మీ బిల్డింగ్ కింది అంగడికి వేస్తాడు. "వాట్సాప్ ఉన్న కాలంలో నన్ను పోస్ట్‌మాన్‌ను చేస్తాండావే" అని నవ్వాడు. నీ ఫోన్‌ను నువ్వు పనిచేసే ఇంటి చిన్నపిల్లోడు నీళ్ళ బకెట్‌లో ముంచాడని చెప్పాను. నీతో మాట్లాడాలంటే మీ మేడమ్‌కు ఫోన్ చేయాలి. ఆమె స్పీకర్ పెట్టి ఇస్తుంది. మన మాటలు వాళ్ళ హాల్లో మోగుతాయి. అట్లాంటి మాటలు నాకొద్దు.

అసలు సంగతికి వస్తాను. అమ్మ పోయి ఫిబ్రవరి మూడో వారానికి ఏడాది నిండుతుంది. మనిద్దరిలో ఒక్కరం కూడా పోలేదు. ఏడాది లోపల అమ్మ పేరు మీద కొత్త చీర పెట్టి, కొడుకు దాన్ని తన చేత్తో తోడబుట్టిన ఆడబిడ్డకు ఇవ్వాలి. ఆడబిడ్డ అది కట్టుకోవాలి. ఆమె వండింది కొడుకు కాకికి పెట్టాలి. అమ్మమ్మకు మామ, అమ్మ అట్లే చేశారు, నీకు గుర్తుంది. చీర కొనేశాను. బర్కా బజారులో దొరికింది, వంకాయ రంగు, సన్న అంచు, అమ్మ కట్టే రకం. నా పైమంచం పిల్లోడు ఓంకార్, నిజామాబాద్ వైపు, "ఎవలికిరా, లవర్‌కా?" అని ఏడిపిస్తున్నాడు. దీన్ని జిలాని అన్నతో పంపను. నా చేతిలోంచి నీ చేతిలోకి రావాలి. నువ్వు అలసంద వడలు చెయ్యి. ఏదైనా ఒక శుక్రవారం దార్సైట్ గుడి దగ్గర కలుద్దాం. ఒకే గల్ఫ్ దేశంలో, ఒకే రోడ్డు మీద ఉన్నాం. నేను వచ్చి ఏడాదిన్నర. నీ ముఖం చూడలేదు. మనకు సిగ్గుండాలి.

ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. చెప్పేవాడు లేడు, బోర్డులే బడి. మా కూలీల క్యాంపులో విల్‌బీ అని ఒక పెద్ద ఆఫీసరున్నాడు. నోటీసు బోర్డు నిండా వాడి పేరే. ట్యాంక్ విల్ బీ క్లీన్డ్. ఏసీ విల్ బీ రిపేర్డ్. కంప్లెయింట్స్ విల్ బీ హర్డ్. ట్యాంకు కడిగేది వాడే, ఏసీ బాగుచేసేది వాడే, మా మొర వినేది వాడే. ఇంతవరకు వాణ్ణి చూసినోడు లేడు. బడిలో తెలుగు అయ్యవారు చెప్పేవాడు చూడు, రామునిచేత రావణుడు చంపబడెను అని, అదే ఇది. కాకపోతే ఇక్కడ రాముణ్ణి పీకేశారు. ట్యాంకు కడగబడును. ఎవడిచేత? అడగొద్దు. ఆ నీళ్ళే తాగుతున్నాం.

ఏ శుక్రవారమో రాయి.

కోపంలో ఉన్న నీ తమ్ముడు,
పెంచలయ్య


అజైబా,
జనవరి 16, గురువారం

ఒరేయ్ పెంచలా,

నీ ఉత్తరం కొత్తిమీర వాసన వేసింది. నువ్వు కోపంగా రాసిన ప్రతి మాటా ఆ వాసనతోనే చదివాను కాబట్టి నాకేం కోపం రాలేదు.

మీ విల్‌బీ మా ఇంట్లోనూ ఉన్నాడులే. మేడమ్ మంచిదే. ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులైనా విప్పుతుంది గానీ ఆ ఆఫీసు ఇంగ్లీషు విప్పదు. షర్ట్స్ హ్యావ్ టు బీ ఐరన్డ్, మిల్క్ షుడ్ బీ బాయిల్డ్. వచ్చిన కొత్తలో ఎవరితో చెప్తోందో అని వెనక్కి తిరిగి చూసేదాన్ని. వంటింట్లో నేను తప్ప ఎవరుంటారు. "శ్రీవాణీ, నువ్వు పాలు కాచు" అంటే సరిపోయేదానికి పాలు తమంతట తామే కాగాలన్నట్టు చెప్తుంది. ఎదురింట్లో పనిచేసే ఫర్జానా, మన కడప పిల్లే, "పాలకైనా మర్యాద ఇస్తాంది కదక్కా" అంటుంది. ఇద్దరం కారిడార్‌లో చెత్త సంచులు పట్టుకుని నవ్వుకుంటాం. రోజు మొత్తంలో నేను నోరు తెరిచి నవ్వేది ఆ కాసేపే.

నా ఫోన్ కూడా విల్ బీ రిపేర్డ్ అంట. సొరుగులో ఉంది.

ఇరవై నాలుగో తేదీ శుక్రవారం అడిగాను. గుడికి పోవాలి, తమ్ముడు వస్తాడు అని చెప్పాను. మేడమ్ వెంటనే సరేనంది. యు విల్ బీ డ్రాప్డ్ అంది. నవ్వకు. ఈసారికి మీ విల్‌బీనే కారు నడపనీ. పొద్దున పదికల్లా గుడి మెట్ల దగ్గర ఉండు. అలసందలు అంగట్లో దొరికాయి. అల్లం, పచ్చిమిరపకాయ ఎక్కువ వేస్తాను, అమ్మ వేసినట్టే.

చీర రంగు ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతుంది. నోరు అదుపులో పెట్టుకో. ఆ బోర్డుల సంగతి నీకెందుకు. అందరూ చదవనట్టే నువ్వూ చదవనట్టు ఉండు.

అక్క,
శ్రీవాణి


బర్కా,
జనవరి 25, శనివారం

అక్కా,

పొద్దున తొమ్మిదికే గుడి దగ్గరున్నాను. పక్కనే చెప్పుల స్టాండు. వచ్చే చెప్పులు, పోయే చెప్పులు చూస్తూ కూర్చున్నాను. పిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళు, పూలు పెట్టుకున్నవాళ్ళు, స్కూల్ ఫీజుల గురించి మాట్లాడుకునేవాళ్ళు. అందరికీ ఎవరో ఒకరు ఉన్నారు. ఒక తెలుగామె దగ్గరికొచ్చి, "ఎవరి కోసం బాబూ, ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నావు" అంది. అక్క కోసం అన్నాను. ఆమె మళ్ళీ బయటికొచ్చేసరికీ అక్కడే ఉన్నాను. ఈసారి ఆమె ఏమీ అడగలేదు. తల దించుకుని చెప్పులు వేసుకుంది. ఆ అడగకపోవడమే నాకు ఎక్కువ నొప్పి.

ప్రసాదం రెండు పొట్లాలు తీసుకున్నాను, నీదొకటని. చీకటి పడ్డాక బస్సులో రెండూ నేనే తిన్నాను.

నీకు ఆ ఇంటి పిల్లోడి పాలు ముఖ్యం. అమ్మకు బతికున్నప్పుడు మనం ఏం చేయలేదు. పోయాక ఒక్క పని ఉంది, అదీ కుదరలేదు నీకు. రాలేనని ముందే చెప్పుంటే నా మంచం మీద నేను పడుకునేవాణ్ణి.

నువ్వు నోరు అదుపులో పెట్టుకోమన్నావు కదా. పెట్టుకోలేదు. ఈ పొద్దు సైట్‌లో డ్యూటీకి ముందు మీటింగ్. సేఫ్టీ ఆఫీసరు మళ్ళీ అదే చదివాడు, ట్యాంక్ విల్ బీ క్లీన్డ్ అని. నేను చెయ్యెత్తాను. "హూ విల్ క్లీన్, సార్?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తరువాత నా పేరేంటని అడిగాడు. అది మాత్రం నవ్వకుండా రాసుకున్నాడు.

చీర ట్రంకులో ఉంది. ఉండనీ.

పెంచలయ్య


అజైబా,
జనవరి 30, గురువారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు జవాబు రాయలేదు. రాస్తే నేను కూడా నీ మాదిరే రాసేదాన్ని.

శుక్రవారం తెల్లవారక ముందే లేచి వడలు వేశాను. తలంటుకున్నాను. టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాను. మేడమ్ పుట్టినరోజు పార్టీ ఉందని పిల్లోణ్ణి తీసుకుని పోయింది. పోతూ నావైపు చూసి నవ్వింది, హ్యావ్ ఎ నైస్ డే అంది. సార్ దించుతాడని ఆమె అనుకుంది. సార్ గదిలోంచి వచ్చి, నన్ను చూసి, డ్రైవర్ వస్తాడు కాబోలు అనుకుని మళ్ళీ పోయి పడుకున్నాడు. డ్రైవర్‌కు ఆ రోజు సెలవు. అతనికి ఎవరూ చెప్పనే లేదు. ఒక్కరు కూడా అబద్ధమాడలేదు, ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కాదు. మధ్యాహ్నం సార్ బయటికొచ్చి "ఇంకా పోలేదా" అని అడిగాడు. పోలేదు సార్ అన్నాను. వడలు వాళ్ళ భోజనం బల్ల మీద పెట్టాల్సి వచ్చింది. బాగున్నాయని మెచ్చుకున్నారు.

ఇప్పుడు నీ సంగతి చెప్తాను, వినుకో. బర్కా నుంచి దార్సైట్ పోవాలంటే అజైబా దాటాలి. మా బిల్డింగ్ ఆ రోడ్డు మీంచి కనిపిస్తుంది. నువ్వు బస్సులో నా ముందు నుంచే పోయావు. దిగావా? గుడి దగ్గర పొద్దంతా కూర్చుని నువ్వు చూసింది నాకోసం కాదు పెంచలా, నన్ను తెచ్చి దించేవాడి కోసం. బోర్డు మీదైతే విల్‌బీని పట్టుకుని తిడతావు. నన్ను తెచ్చే పని దగ్గరికొచ్చేసరికి నువ్వూ వాణ్ణే నమ్ముకున్నావు. నేనూ నమ్ముకున్నాననుకో. కాళ్ళున్నాయి నాకు, కుర్చీలో కూర్చున్నాను.

ఇంకొక మాట. అమ్మ పోయినప్పుడు ఫోన్‌లో నీకేమన్నారు? "అంత్యక్రియలు జరిగిపోయినాయి నాయనా" అన్నారు. కొరివి పెట్టింది ఎవరని నువ్వు ఇంతవరకు అడగలేదు. మన చిన్నమామ పెట్టాడు. కొడుకు ఉండి కూడా ఇంకొకరు పెట్టారనే మాట నీ చెవిన పడకూడదని ఆయనే అందరికీ చెప్పాడంట, "జరిగింది అనండి చాలు, పేర్లెందుకు" అని. పేరు తీసేసిన ప్రతివాడూ దొంగ కాదురా. కొందరు నీకు దెబ్బ తగలకుండా తీసేస్తారు.

నీ పొట్లం నువ్వే తిన్నందుకు సంతోషం. నాది కూడా తిన్నందుకు ఇంకా సంతోషం.

శ్రీవాణి


బర్కా,
ఫిబ్రవరి 11, మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒక పూట కోపం, ఒక పూట సిగ్గు. పది రోజులు అట్లే తిరిగాను. చిన్నమామకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక "మామా, వానలు పడినాయా" అని అడిగాను. "ఫిబ్రవరిలో వానలేందిరా" అన్నాడు. ఆయనకు అర్థమైందనుకుంటాను.

ట్యాంకు మేమే కడిగాం. నేను, ఓంకార్. పోయిన శుక్రవారం లోపలికి దిగి బ్రష్షులతో రుద్దాం. అడుగున ఏం దొరికిందో నీకు రాయను, నువ్వు అన్నం తినాలి. మరుసటి రోజు బోర్డు మీద కొత్త కాగితం: ట్యాంక్ హాజ్ బీన్ క్లీన్డ్. చూశావా, పని కాకముందు విల్‌బీ, అయినాక హాజ్‌బీన్. వీడు వాడికి అన్న. చేయనప్పుడూ ఎవడూ లేడు, చేసినప్పుడూ ఎవడూ లేడు. మోకాళ్ళు కొట్టుకుపోయింది మాకు. ఓంకార్ "ఇడిసిపెట్టురా" అన్నాడు. నేను విడిచిపెట్టలేదు. ఎర్ర పెయింటు తెచ్చి ట్యాంకు మీద ఇంగ్లీషులో రాశాను, ఓంకార్ అండ్ పెంచలయ్య క్లీన్డ్ దిస్ ట్యాంక్ అని. కింద తెలుగులో కూడా రాశాను: మేం కడిగాం.

నిన్న ముదీర్ పిలిచాడు. ఆఫీసులో అందరికంటే పెద్దాయన. తిట్టలేదు. యు ఆర్ బీయింగ్ షిఫ్టెడ్ టు దుక్మ్ అన్నాడు. దుక్మ్ అంటే ఎడారి దాటి ఎక్కడో సముద్రం ఒడ్డు. బస్సులో పగలంతా పడుతుందంట. నన్ను షిఫ్ట్ చేస్తున్నది ఎవరు సార్ అని అడగాలని నాలుక దాకా వచ్చింది. అడగలేదు. ఎదురుగా కూర్చున్నాడు కదా.

శనివారం తెల్లవారి బస్సు. అందుకని పద్నాలుగో తేదీ శుక్రవారం నేనే అజైబా వస్తున్నాను. ఏడాది నిండక ముందు అదే ఆఖరి శుక్రవారం. ఎవరినీ అడగొద్దు, ఎవరూ నిన్ను దించాల్సిన పని లేదు. పదకొండు గంటలకు మీ బిల్డింగ్ కింద అంగడి దగ్గర నిలబడతాను. ఐదు నిమిషాలు కిందికి దిగు. చీర నీ చేతిలో పెట్టి, వడ తీసుకుని పోతాను.

నేను వస్తాను. ఈ వాక్యంలో నేనున్నాను, చూసుకో.

పెంచలయ్య


అజైబా,
ఫిబ్రవరి 12, బుధవారం

పెంచలా,

నువ్వు పది రోజులుగా రాయలేదు. అలిగావని తెలుసు. అలిగినవాణ్ణి బతిమాలే పని చిన్నప్పటి నుంచి నాదే కదా.

ఈ పొద్దు మేడమ్ ముందు నిలబడి చెప్పేశాను. ఐ గో ఫ్రైడే. ఐ గో బస్. ఐ కమ్ బ్యాక్ ఫోర్ ఓ క్లాక్. వాళ్ళింటికి ఆ సాయంత్రం చుట్టాలొస్తారు, అందుకని నాలుగు. నా ఇంగ్లీషుకు నాకే నవ్వొచ్చింది, మూడు సార్లు ఐ ఐ అని. మేడమ్ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఆర్ యు ష్యూర్?" అంది. ఎస్ అన్నాను. "ఓకే, గో" అంది. అంతే. ఇంత చిన్న మాటకు నేను ఇన్నాళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నానా అనిపించింది.

శుక్రవారం నేనే బర్కా వస్తున్నాను. నీ క్యాంపు గేటు ముందుకే వస్తాను. దారి ఫర్జానా చెప్పింది, వాళ్ళన్న అక్కడ చేసేవాడంట. వడలు తెస్తాను. నువ్వు ఎక్కడికీ పోకుండా చీర తీసుకుని గేటు దగ్గర ఉండు.

జిలాని అన్న కింద కూరగాయల పెట్టెలు దించుతున్నాడు. మేడమ్ పిలుస్తోంది, ఆయనతో మాట్లాడే వీలు లేదు. ఈ ఉత్తరం వ్యాన్ డ్యాష్‌బోర్డులో నేనే పెట్టి వచ్చేస్తాను. సాయంత్రానికి నీకు అందుతుంది.

అక్క


అజైబా,
ఫిబ్రవరి 17, సోమవారం

నాయనా పెంచలా,

ఈ ఉత్తరం జిలాని అన్న ఓంకార్‌కు ఇస్తాడు. దుక్మ్ వచ్చే కంపెనీ బండిలో ఓంకార్ పంపుతానన్నాడు. ఎన్నాళ్ళకు చేరుతుందో తెలియదు.

శుక్రవారం నేను బర్కాలో దిగి ఒక ముసలాయన టాక్సీ ఎక్కాను. ఎక్కడికని అడిగితే మై బ్రదర్ అన్నాను. ఊరి పేరు చెప్పడానికి బదులు. ఆయన నవ్వి, ఖర్జూరం తోటల మధ్య నుంచి నిదానంగా తీసుకుపోయాడు. గేటులోంచి ముందు కనిపించింది ట్యాంకే. ఎర్ర అక్షరాలు. తెలుగులో "మేం కడిగాం" అని. నా పిల్లోడు ఇక్కడే ఉన్నాడని గుండె నిండింది.

ఓంకార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అయ్యో అక్కా, మీవోడు పొద్దుగాలనే నీ దగ్గరికే పోయిండు గదా" అన్నాడు. నీకు ఫోన్ చేశాడు. నీ మంచం మీదే మోగింది. ఛార్జింగ్‌కు పెట్టి మరిచిపోయి ఉరికావంట. గేటు దగ్గర కుర్చీ వేసి టీ తెచ్చిచ్చాడు. "మా రూమ్‌కంతా వాడే ఇంగ్లీష్ సార్ అక్కా, దినాం ఎవలినో ఒకలిని తిడుతడు" అని చెప్పి నవ్వించాలని చూశాడు. నేను లేనని తెలిసి నువ్వు వెంటనే తిరిగొస్తావని అక్కడే కూర్చున్నాను. కానీ నాలుగు గంటలకు వస్తానని నా నోటితో నేనే చెప్పాను. ఆ ఇంట్లో నేను చెప్పిన మొదటి మాట అది. దాన్ని పోగొట్టుకుంటే మళ్ళీ ఇంకొకటి చెప్పలేను. వడల డబ్బా ఓంకార్ చేతికిచ్చి బస్సెక్కాను. ఎదురుగా వచ్చే ప్రతి బండినీ చూశాను. అన్నీ వేగంగా పోయాయి.

వచ్చేసరికి ఫర్జానా తలుపు దగ్గరే నిలబడి ఉంది, నువ్విచ్చిన చీర సంచి పట్టుకుని. "మీ తమ్ముడు ఏడ్చాడక్కా, చెప్పొద్దన్నాడు" అంది.

చీర కట్టుకున్నాను. చుట్టాలకు వడ్డించింది ఆ చీరలోనే. చేతి నుంచి చేతికి రాలేదని బాధపడకు.

జిలాని అన్న ఈ పొద్దు వచ్చాడు. ఆ బుధవారం ఆయన వ్యాన్ దారిలో చెడిపోయిందంట, గ్యారేజీలో వదిలి వేరే బండిలో పోయాడంట. నీ ఉత్తరం నాకివ్వడం ఆయన మరిచిపోయాడు, నాది పెట్టానని ఆయనకు తెలియదు. డ్యాష్‌బోర్డు తెరిస్తే రెండూ ఉన్నాయి. కింద నీది, దానిమీద నాది. నేను పెట్టేటప్పుడు చూసుకోలేదు. రెండూ ఎండకు ఒకదానికొకటి అంటుకున్నాయి. "నన్ను తిట్టుమ్మా" అని నిలబడ్డాడు. ఎట్లా తిట్టేది. మెల్లగా విడదీశాను.

కాకి తిన్నదా? అదొక్కటి రాయి.

శ్రీవాణి


దుక్మ్,
ఫిబ్రవరి 25, మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం ఈ రోజే అందింది. ఏడవలేదు. ఫర్జానాకు కళ్ళు సరిగా కనిపించవేమో.

ఆ రోజు నేను అంగడి దగ్గర నిలబడి ఉంటే ఆమె కూరగాయలకు దిగింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది, నీ ముఖమే అంట. "మీ అక్క పొద్దున్నే పోయిందే, నేను పోతాండా మా తమ్ముని దగ్గరికి అని నాకు చెప్పి పోయింది" అంది. ఆ మాట మళ్ళీ చెప్పమని అడిగాను. చెప్పింది. చీర ఆమె చేతిలో పెట్టి రోడ్డు మీదికి పరిగెత్తాను. శుక్రవారం నమాజు వేళ, బండి దొరకడం చాలా ఆలస్యమైంది. క్యాంపుకు చేరేసరికి గేటు దగ్గర ఖాళీ కుర్చీ, టీ గ్లాసు ఉన్నాయి. ఆ కుర్చీలో చీకటి పడేదాకా కూర్చున్నాను. ఓంకార్ నన్ను ఏడిపించలేదు. వడల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

ఇక్కడ రూమ్‌లో ఎనిమిది మందిమి. ఒక్కడికీ తెలుగు రాదు. మొదటి రోజే బోర్డు చూశాను. విల్‌బీ నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. వాటర్ విల్ బీ సప్లైడ్. చదివి ఊరకున్నాను. కోపం కూడా పక్కన తెలుగువాడుంటేనే వస్తుందేమో.

వడలు బస్సులో తిన్నాను. చల్లారినా అల్లం ఘాటు తగిలింది. ఒకటి మిగిల్చాను. శనివారం దిగినాక సాయంత్రం ఒక్కణ్ణే సముద్రం ఒడ్డుకు పోయి రాయి మీద పెట్టాను. కాకులు లేవు. ఎంత వెతికినా ఒక్కటీ లేదు. ముట్టకపోతే అమ్మకు నామీద కోపం ఉన్నట్టే అనుకుని నిలబడ్డాను. గాలికి వడ పక్కకు జరిగింది, మళ్ళీ సరిచేసి పెట్టాను. పొద్దు గుంకింది. పోదామని తిరిగాను.

తినడం జరిగింది అని రాయను అక్కా. ఒక తెల్ల పక్షి, రెక్కల చివర నల్లన, నీళ్ళ మీంచి వచ్చింది. నా ముందే వాలింది. వడ నోట కరుచుకుని పోయింది. అది తిన్నది. నేను చూశాను.

నీ తమ్ముడు,
పెంచలయ్య